యుద్ధకాలమున రేడియో వినోదము

యుద్ధముల చరిత్ర వ్రాయువారు రాజుల పేర్లు, సేనాపతుల వ్యూహములు, గెలుపోటములు, సంధిపత్రములు విపులముగా వ్రాయుదురు. ఆ యుద్ధకాలమున జనులు సాయంవేళ తలుపులు మూసికొని ఇంటిలో కూర్చుండి ఏమి వినిరి, దేనికి నవ్విరి, ఏ పాటను కూనిరాగము తీసిరి అను సంగతి ఆ గ్రంథములలో ఒక మూలనైనను తరచుగా కానరాదు. అయినను 1939 మొదలు 1945 వరకు నడచిన రెండవ ప్రపంచ సంగ్రామకాలమున ఆంగ్లదేశపు రేడియో నడచిన తీరును పరిశీలించినచో ఒక విశేషము తెలియుచున్నది. పాటయు హాస్యమును సుఖదినములలో అనుభవింపదగిన అలంకారములు మాత్రమేయని తలచిన పెద్దలు, అవి ఆపత్కాలమున అన్నోదకములవలె అవసరమని కష్టముమీద నేర్చుకొనిరి. ప్రజలకేది హితమో తమకే బాగుగా తెలియునని నమ్మిన అధికారులు సామాన్యశ్రోత ముందు పలుమారులు తలవంచవలసి వచ్చెను. పెద్దలారా, ఆ కథనే ఇప్పుడు మీకు మనవి చేయబోవుచున్నాను.

ఆంగ్లదేశమున రేడియో ప్రసారము యావత్తును బి.బి.సి. అను ఒక్క సంస్థ చేతిలో నుండెను. 1939 నాటికి అచ్చట రేడియో లైసెన్సులు ఇంచుమించు 90 లక్షలు. లైసెన్సు ఇంటికొకటి గనుక దేశములోని కుటుంబములలో అధికభాగమునకు రేడియో అందుబాటులో నుండెనని చెప్పవచ్చును. ఆ సెప్టెంబరు 1వ తేదీననే, యుద్ధప్రకటనకు రెండు దినములు ముందుగా, వేర్వేరు ప్రాంతముల కార్యక్రమములను రద్దుచేసి దేశమంతటికిని ఒక్క కార్యక్రమమునే ఏర్పాటుచేసిరి. వేర్వేరు కేంద్రములు వేర్వేరు ధ్వనులు పంపుచుండినచో శత్రువిమానములు వానిని ఆనవాలు పట్టి దారి తెలిసికొనునను భయమే దీనికి కారణము. 3వ తేదీ ఉదయము ప్రధానమంత్రి చేంబర్లెను యుద్ధవార్తను రేడియోలోనే చెప్పెను. వెంటనే నాటకశాలలు, సినిమాశాలలు మూయవలెనని ప్రభుత్వాజ్ఞ వెలువడెను. దీపములు బయటికి కనబడకుండ కిటికీలకు నల్లని తెరలు కట్టిరి. జనులకు రేడియో తప్ప వేరు కాలక్షేపము లేకపోయెను.

సరిగా అట్టి సమయముననే రేడియోలో వార్తలు, ప్రభుత్వపు హెచ్చరికలు, ఉపదేశములు మాత్రమే మిగిలెను. వాని నడుమ శూన్యమును నింపుటకు శాండీ మాక్ఫెర్సను అను కెనడాదేశపు విద్వాంసుడు ఆర్గను వాద్యమును దినమునకు పలుమారులు వాయించుచుండెను. ఆయన శ్రమకు లోపము లేదు. కాని ఎంత మంచి వాద్యమైనను ఉదయము మొదలు రాత్రి వరకు అదొక్కటియే అయినచో ఎవరికి మాత్రము విసుగు కలుగదు? మన బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలుందురుగదా. ఒకడు రాజకీయము చెప్పును, ఒకడు హాస్యము చెప్పును. హాస్యపు వంతను ఇంటికి పంపి రాజకీయపు వంతతోనే తెల్లవారువరకు కథ నడుపబూనినచో జనము తుండుగుడ్డ దులుపుకొని లేచిపోవుదురు. అచ్చట జరిగినదియు అదియే. ఫిర్యాదులు వెల్లువయ్యెను. సినిమాశాలలను రెండు వారములు తిరుగకుండనే చాలచోట్ల మరల తెరువవలసి వచ్చెను. రేడియోలో వినోదము మరల తల యెత్తెను.

1940 ఆరంభమున ఫ్రాన్సులోనున్న సైనికులకొరకు ప్రత్యేకముగా రెండవ కార్యక్రమమును నెలకొల్పిరి. సైనికులు గుంపులుగా, పేకాడుచు, మాటలాడుచు వినువారు. వారికి గంటల తరబడి గంభీరప్రసంగములు పనికిరావని ఆలోచించి తేలికపాటలు, హాస్యములు, ఆటల వార్తలు ఎక్కువగా ఉంచిరి. ఇక్కడ అధికారులు తలచనిది ఒకటి జరిగెను. సైనికులకని పెట్టిన ఈ కార్యక్రమమును ఇండ్లలోని స్త్రీలు, వృద్ధులు, కూలిజనము గృహప్రసారముకన్న ఎక్కువగా వినసాగిరి. ఎవరి విస్తరిలో వడ్డించినను, రుచియైన కూరకే చేయి చాచుట లోకసహజము.

హాస్యములలో తలమానికమైనది ‘ఇట్స్ దట్ మాన్ ఎగైన్’ అనునది. మొదటి అక్షరములు కూర్చి జనులు దానిని ‘ఇట్మా’ యని పిలిచిరి. ‘మళ్ళీ ఆ మనిషే’ యని ఆ మాటకు అర్థము. హిట్లరు ఏదో ఒక ఆగడము చేసినప్పుడెల్ల వార్తాపత్రికలు పెట్టుచుండిన శీర్షిక అది. లివర్పూలు నగరమున పుట్టిన టామీ హాండ్లీ నాయకపాత్ర ధరించెను. టెడ్ కావనా మాటలు వ్రాసెను. ఫ్రాన్సిస్ వర్స్‌లీ ప్రదర్శనమును నడపెను. 1939 జూలైలో మొదలైన ఈ హాస్యము యుద్ధము వచ్చిన పిమ్మట కొత్తరూపు దాల్చెను. హాండ్లీ ఒక మంత్రి. ఆయనది చికాకుల, రహస్యముల శాఖ. కాగితములపై కాగితములు, ఆజ్ఞలపై ఆజ్ఞలు పుట్టించుటయే ఆ కార్యాలయపు పని. రేషను చీట్లకై, అనుమతి పత్రములకై బారులు తీరి నిలిచిన జనులకు అది తమ కథయే యని తోచెను. ఫుంఫ్ అను జర్మను గూఢచారి ఒకడు అందులో టెలిఫోనులో బెదరించుచుండును. జాక్ ట్రెయిన్ అను నటుడు ఖాళీ గ్లాసులోనికి మాటలాడి ఆ భయంకరస్వరమును పుట్టించెడివాడు. కొలదిదినములలోనే దేశమున ఎవరు టెలిఫోను ఎత్తినను తానే ఫుంఫునని పరిహాసమాడుట ఆచారమయ్యెను. మన తోలుబొమ్మలాటలో రావణుని సభ నడుమ కేతిగాడును, జుట్టుపోలిగాడును దూరి నవ్వించినప్పుడు, పదితలల రావణుడును పిల్లలకు కొంత చిన్నవాడై కనబడుటలేదా? శత్రువును గురించిన భయమును నవ్వు అట్లే పలుచన చేసెను.

ప్రతివారమును ఆనాటి వార్తలనుబట్టి మాటలను అప్పటికప్పుడు మార్చుచుండిరి గనుక అది ఎన్నడును పాతబడలేదు. కోటిమందికి పైగా దానిని వినుచుండిరి. 1942 ఏప్రిల్ 21న రాజకుమార్తె ఎలిజబెత్తు 16వ జన్మదినమున విండ్సరు కోటలో రాజకుటుంబము ముందు దానిని ప్రదర్శించిరి. 1949 జనవరి 9న హాండ్లీ మరణింపగా, లండను మహాదేవాలయమైన సెయింట్ పాల్సులో ఆయనకు సంస్మరణ ప్రార్థనలు జరిగెను. ఒక విదూషకునకు అంతటి గౌరవము లభించుట అరుదు. ఆయన లేని ఇట్మా వలదని బి.బి.సి. దానిని అంతటితో ముగించెను.

ఇక పాట సంగతి. 1940 జూన్ నెలలో ఫ్రాన్సు ఓడిపోయెను. ఆంగ్లసైన్యము తన ఆయుధములలో అధికభాగమును సముద్రపు ఆవలియొడ్డుననే విడిచి డన్కర్కునుండి ఇల్లు చేరెను. కొత్త ఆయుధములు చేయుటకు కర్మాగారములు రేయింబవళ్ళు పనిచేయవలసి వచ్చెను. పనివారిలో క్రొత్తగా వచ్చిన స్త్రీలు లెక్కకు మిక్కిలి. ఒకే మరను పదిగంటలు త్రిప్పువారికి చేయి అలయుటకన్న మనస్సు అలయుట ముందుగా జరుగును. అందుచేత ఆ జూన్ 23న ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’, అనగా ‘పని చేయునప్పుడు పాట’, అను కార్యక్రమమును ఆరంభించిరి. ఉదయము అరగంట, మధ్యాహ్నము అరగంట, తరువాత రాత్రిపాళీ వారికొరకు మరియొక అరగంట. కర్మాగారపు కప్పునకు వ్రేలాడు గొట్టములనుండి వాద్యధ్వని పనివారి తలలపై వర్షించెను. ఎరిక్ కోట్సు అను స్వరకర్త పనివారికొరకు రచించిన నడకబాణీ దానికి ఆరంభగీతమయ్యెను.

ఈ కార్యక్రమమునకు కట్టుబాట్లు కొన్ని ఉండెను. మరల రొదలో వినబడవలెను గనుక బాణీ స్పష్టముగా నుండవలెను. ధ్వని ఒక్క తీరుననే యుండవలెను గాని హెచ్చుతగ్గులు కూడదు. నిద్రపుచ్చు విలంబితమును, చేతిని తొందరపెట్టు ద్రుతమును రెండును పనికిరావు. తెలిసిన పాటలే మేలు. టెక్ససు రాష్ట్రమును గురించిన ఒక పాటను పూర్తిగా మానివేసిరి. ఆ పాట నడుమ చప్పట్లు కొట్టవలసిన తావులుండెను. చేతిలో సుత్తియున్నవాడు సుత్తితోనే తాళము వేయును. చేయుచున్న వస్తువు పాడగును!

పెద్దలారా, ఇది మనకు క్రొత్త సంగతి కాదు. నాట్లు వేయునప్పుడు ఆడువారు పాడు పాటలు, ఏతము త్రొక్కువాని పాట, తిరగలి పాట, దంపుడు పాట మనము ఎరుగనివా? రోకలిపోటునకు సరిపడు లయలోనే పాట పుట్టినది. పాటకు పని తాళము, పనికి పాట విశ్రాంతి. ఆంగ్లదేశమునను పూర్వము నేతగాండ్రు, ఓడవాండ్రు పాడుకొనుచునే పనిచేసిరి. మరలు వచ్చి వాని మ్రోత మనుష్యుని గొంతును మ్రింగివైచెను. మ్రింగబడిన పాటను నూరేండ్లు గడచిన పిమ్మట యంత్రముచేతనే పనివానికి మరల ఇప్పించిరి. భేదమొక్కటి కలదు: మన పొలములో పాట పాడువారిది; కర్మాగారములో పాట వినువారికి మాత్రమే దక్కెను.

ఆ కొరత తీర్చుటకో యన్నట్లు 1941 మే నెలాఖరున ‘వర్కర్స్ ప్లేటైమ్’ అను ‘పనివారి ఆటవిడుపు’ ఆరంభమయ్యెను. గాయకులును హాస్యగాండ్రును కర్మాగారముల భోజనశాలలకే పోయి, మధ్యాహ్నభోజనవేళ బల్లలనడుమ నిలిచి పాడిరి, నవ్వించిరి. అది ఏ ఊరిలోని కర్మాగారమో చెప్పుట శత్రువునకు సహాయము గనుక, దేశములో ఎక్కడనో ఒకచోటనుండి యని మాత్రమే ప్రకటించుచుండిరి. కార్మికమంత్రి ఎర్నెస్ట్ బెవిన్ దీనికి గట్టి అండయయ్యెను. బాల్యమున పేదకూలిగా పనిచేసిన ఆయనకు కూలివాని అలసట పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు.

వినోదమిచ్చువారి బ్రతుకులు వినోదముగా లేవు. 1940 అక్టోబరు 15 రాత్రి లండనులోని బి.బి.సి. భవనముపై బాంబు పడి ఏడుగురు మరణించిరి. తొమ్మిదిగంటల వార్తలు చదువుచున్న బ్రూస్ బెల్‌ఫ్రేజ్ ఒక్క క్షణమాగి తిరిగి చదువసాగెను. హాస్యము, లలితసంగీతము నడపు శాఖను యుద్ధారంభముననే బ్రిస్టలు నగరమునకు తరలించి యుండిరి. అచ్చటను బాంబులు కురియుటచేత 1941లో వేల్సు కొండలకడనున్న బాంగరు అను చిన్నయూరికి మార్చిరి. ఆ యేడు మార్చి 8న లండనులోని ఒక నృత్యశాలపై బాంబు పడెను. రేడియోలో పేరెన్నికగన్న వాద్యబృందనాయకుడు, బ్రిటిషు గయానానుండి వచ్చిన నల్లజాతి యువకుడు కెన్ జాన్సను, వాద్యము నడచుచుండగనే ప్రాణము విడిచెను. అతనికి అప్పుడు 26 ఏండ్లు.

ఇంతవరకు నవ్వును గురించియు, పనిపాటను గురించియు చెప్పితిని. ఇక కంటనీరు తెప్పించు పాటను గురించి గొప్ప వివాదమొకటి జరిగెను. వేరా లిన్ లండను తూర్పుభాగమున సామాన్యకుటుంబమున పుట్టినది. 1941 నవంబరునుండి ఆమె ఆదివారము రాత్రి వార్తల తరువాత పాడసాగెను. ఆ కార్యక్రమము పేరు జాబు చివర వ్రాయు మాట. మన జాబులలో ‘ఇట్లు మీ’ యని వ్రాయునట్టిది. దూరదేశమున నున్న సైనికునకు ఇంటినుండి వచ్చు జాబువలె ఆమె మాటలు చెప్పి పాటలు పాడెడిది. ప్రసూతి ఆసుపత్రులకు పోయి బాలెంతరాండ్రను చూచి, బిడ్డ క్షేమముగా పుట్టెనను వార్తను భర్తలకు చేరవేసెడిది. విడిపోయినవారు మరల కలిసికొందురను ఆశయే ఆమె పాటలలోని సారము.

ఇది పెద్దలకు కొందరికి నచ్చలేదు. ఇల్లు జ్ఞప్తికి తెచ్చు మెత్తని పాటలు సైనికుని గుండెను మెత్తపరచును. అతనికి కావలసినవి వీరరసపు నడకబాణీలు అని వారి వాదము. బి.బి.సి. పాలకవర్గము ఆ కార్యక్రమమును గూర్చి విచారము వెలిబుచ్చి, దాని జనాదరణను మాత్రము గుర్తించితిమని వ్రాసికొనెను. 1942లో పాటలను పరీక్షించుటకు ఒక సంఘము ఏర్పడి, అతిగా కరగించు పాటలను, గొణుగుచు పాడు మగవారి గానమును నిషేధించెను. అయినను సైనికుల జాబులు ఆగలేదు. వారు ఆమె పాటనే కోరిరి. పాటలో ఇల్లు తలచినవాడు పారిపోలేదు. ఏ ఇంటికొరకు పోరాడుచున్నాడో దానిని మరువకుండ నిలిచెను. మన వీరగాథలలో మాత్రము తల్లి దీవెనయు, భార్య కన్నీరును లేని యుద్ధప్రయాణము ఎక్కడ కలదు? 1944లో వేరా లిన్ ఈజిప్టు, ఇండియాలమీదుగా బర్మా సరిహద్దు చేరి, అడవులలో పోరాడుచున్న 14వ సైన్యమునకు పాడెను. మరచిపోబడిన సైన్యమని పేరుపడిన ఆ దండున అధికసంఖ్యాకులు భారతీయులు. ఆమె 2020 జూన్ 18న 103 ఏండ్ల వయస్సున మరణించెను. అప్పటికిని జనులు ఆమెను మరువలేదు.

శత్రుదేశమున సంగతి ఎట్లుండెను? పాట శక్తిని వారును ఎరుగుదురు. 1939 అక్టోబరునుండి జర్మనీలో ఆదివారములందు సైనికులు కోరిన పాటలు వినిపించు గొప్ప కచేరి నడచెను. 1941లో బెల్‌గ్రేడునుండి జర్మను సైనికులకొరకు ప్రసారము చేయు కేంద్రము, లాలె ఆండర్సను పాడిన ‘లిలి మార్లీన్’ అను విరహగీతమును రాత్రి పది కావచ్చినప్పుడు ప్రతిదినమును వినిపించెను. ఉత్తరాఫ్రికా ఎడారిలో జర్మనులేగాక వారికెదురుగానున్న ఆంగ్లసైనికులును దానినే చెవియొగ్గి వినిరి. ప్రచారమంత్రి గోబెల్సుకు అది రుచింపలేదు. కాని సైనికులు దానిని విడువలేదు. తుదకు 1944లో ఆంగ్లేయులును ఆ బాణీకి తమ భాషలో మాటలు కూర్చుకొనిరి. విరహమునకు పక్షభేదము లేదు.

భేదమున్నది నవ్వులో. ప్రభుత్వమును వెక్కిరించిన వెర్నర్ ఫింక్ అను విదూషకుని 1935లోనే జర్మను ప్రభుత్వము నిర్బంధశిబిరమునకు పంపెను. పరదేశపు రేడియో వినుట యుద్ధారంభమునుండి అచ్చట నేరము. ఆంగ్లదేశమునందో, మంత్రిత్వశాఖలను వెక్కిరించు హాస్యమునకు రాజప్రాసాదముననే పీట వేసిరి. ఏ ప్రభుత్వము తన్ను గూర్చిన నవ్వును సహించునో, దానికి ప్రజల విశ్వాసముపై నమ్మకము కలదని అర్థము.

ఆ నమ్మకమును ఆంగ్లేయులు మనయెడల చూపలేదనుట గూడ సత్యమే. ఆలిండియా రేడియో అప్పుడు ప్రభుత్వశాఖ. 1942 ఆగస్టులో జాతీయనాయకులను చెరలో వేసినప్పుడు వారి మాట అందులో వినబడలేదు. అందుచేతనే ఉషా మెహతా మొదలగు యువజనులు బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నవంబరులో పట్టుబడువరకు నడపిరి. స్వగృహమున పరిహాసమునకును తావిచ్చినవారు, మన గృహమున మనవిని గూడ ఆలకింపరైరి.

తెలుగువారికి రేడియో సన్నిహితమైనది ఆ దినములలోనే. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న వెలసెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపానువారి బాంబులు పడగా యుద్ధము మన గడపకు వచ్చెను. ఆ కల్లోలముననే మద్రాసు కేంద్రమున తెలుగు లలితసంగీతము రూపుదిద్దుకొనెను. కచేరి కీర్తనకును, నాటకపు పద్యమునకును, సినిమా పాటకును నడుమ నిలిచిన ఆ గేయపద్ధతికి పాటుపడినవారిలో ముఖ్యుడు నిడదవోలు వాస్తవ్యుడు బాలాంత్రపు రజనీకాంతరావు. అదే కాలమున అధికారుల కత్తెరయు ఆడెను. 1940లో, గమకము పలుకదను కారణముచేత, హార్మోనియమును ఆలిండియా రేడియోనుండి వెలివేసిరి. మన ఊళ్ళలో పద్యనాటకమునకు ప్రాణమైన ఆ పెట్టె ముప్పది ఏండ్లవరకు తిరిగి ఆ గడప త్రొక్కలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనైనను పాఠము వెంటనే ఒంటబట్టలేదు. 1952లో ప్రసారమంత్రియైన కేస్కరుగారు శాస్త్రీయసంగీతముపై భక్తిచేత సినిమా పాటలను రేడియోలో బాగుగా తగ్గించిరి. జనులు ఏమి చేసిరి? ముల్లు త్రిప్పి సిలోను రేడియో పట్టిరి. ఆ సిలోను రేడియో ఎక్కడిది? యుద్ధకాలమున ఆగ్నేయాసియా సైన్యములకు వినోదము కలిగించుటకై ఆంగ్లేయులు కొలంబోలో నెలకొల్పిన కేంద్రమే అది. దాని శక్తిమంతమైన ప్రసారయంత్రము 1949లో లంక ప్రభుత్వమునకు దక్కెను. సైనికుని సంతోషమునకై పుట్టిన యంత్రము మన రైతు సాయంకాలమునకు హిందీ పాటలు, తెలుగు పాటలు తెచ్చిపెట్టెను. తుదకు 1957 అక్టోబరు 3న మన ప్రభుత్వమే వివిధభారతిని నెలకొల్పి తేలికపాటకు గౌరవస్థానమిచ్చెను. బి.బి.సి. పెద్దలు 1939లో రెండు వారములలో నేర్చిన పాఠము మనకు ఐదేండ్లు పట్టెను.

దీనినిబట్టి గంభీరవిద్య వలదనికాని, జనుడు కోరినదెల్ల మంచిదేయనికాని చెప్పబోను. కీర్తనయు కావలెను, పురాణమును కావలెను. కాని ఊరి పెద్దరికము వహించువారు, జాతర ఖర్చు దండుగ, భజన కాలహరణము, కోలాటము పిల్లచేష్ట యని కొట్టివేయునప్పుడు ఒకమారు ఆలోచింపవలెను. కరవులోనైనను, రోగములోనైనను, యుద్ధములోనైనను మనుష్యుడు నవ్వుట మానలేదు, పాట మానలేదు. అవి అతని బరువును తీసివేయవు. మోయుటకు భుజమునకు చుట్టకుదురు అమర్చును. చుట్టకుదురు బరువు కాదని దానిని పారవైచినవానికి, కడవ ఎత్తుకొన్నప్పుడు గాని దాని విలువ తెలియదు.